ఎలక్ట్రిక్ కారు బ్రేకులు సొంతంగా విప్పేవాళ్లకు, వానలకు ముందు

పోయిన ఆదివారం పొద్దున మా వీధి చివరింటి ప్రహరీగోడ పడిపోయింది. పడగొట్టింది ఒక ఎలక్ట్రిక్ కారు. విశాఖలో కొండవార వీధి మాది, ఒకటే దిగుడు, చివర్లో మలుపు. కారాయన ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు తనే మార్చుకున్నారు. పని శుభ్రంగా చేశారు. తర్వాత నేను విప్పి చూశాను, ఒక్క బోల్టు కూడా తేడాగా లేదు. పైన చదునుగా ఉన్నచోట రెండు రౌండ్లు కొట్టారట. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే కారు చక్కగా నెమ్మదించిందట. బ్రేకులు బాగున్నాయనుకుని దిగుడులోకి వచ్చారు. కింద ఆటో అడ్డం వచ్చింది. పెడల్ తొక్కితే అది నేలదాకా దిగిపోయింది.

ఆయనకేమీ కాలేదు. గోడ, బంపరు, గోడ పక్కన పెట్టిన ఒక బండి పోయాయి. ఐదు నిమిషాల ముందు ఆ గోడ దగ్గరే పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

ఈ తప్పు నేను చూడటం ఇది మూడోసారి. మిగతా ఇద్దరి అదృష్టం, చదును నేల మీదే బయటపడింది. అందుకే టైరు ఎలా విప్పాలి, పానా ఎటు తిప్పాలి లాంటివి రాయడం లేదు. అవి తెలియనివాళ్లు ఈ పని మొదలుపెట్టరు. రాయాల్సింది ఒకే మాట: కారు ఆగిందంటే బ్రేకు పనిచేసినట్టు కాదు.

పెట్రోలు కారులో ఈ మోసం ఉండదు. కొత్త ప్యాడ్లు వేయడానికి కాలిపర్‌లో, అంటే చక్రంతో తిరిగే డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగంలో, పిస్టన్‌ని వెనక్కి నొక్కుతాం కదా, ఆ తర్వాత ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఖాళీ ఉండిపోతుంది. పెడల్‌ని చాలాసార్లు తొక్కితేనే ఆ ఖాళీ పూడుతుంది. కారాయన మర్చిపోయింది అదే. మర్చిపోతే పెట్రోలు కారు ఇంటి గేటు దాటకముందే చెప్పేస్తుంది, ఎందుకంటే దాన్ని ఆపాలంటే పెడలే దిక్కు. ఎలక్ట్రిక్ కారులో మోటారే జనరేటరుగా మారి చక్రాలను పట్టి లాగుతుంది. అదే రీజెన్. మీరు వీధిలో చేసిన టెస్ట్ డ్రైవ్ మొత్తం రీజెన్‌తోనే అయిపోతుంది. స్టార్ట్ చేయడానికీ, గేరు డి (డ్రైవ్) లోకి మార్చడానికీ పెడల్ మీద మెల్లగా వేసిన కాలు ఆ ఖాళీని పూడ్చలేదు. ప్యాడ్ డిస్కుని తాకనే లేదని మీకు తెలిసే దారే ఉండదు.

మరి రీజెన్ ఎప్పుడు వదిలేస్తుంది? బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయి ఉంటే దాదాపు పనిచేయదు, వచ్చిన కరెంటుని దాచుకునే చోటుండదు మరి. చాలా కార్లలో వేగం బాగా తగ్గాక వదిలేస్తుంది, అంటే మనిషినో గేటునో తగలబోయే ఆఖరి గజాల్లో. తడి రోడ్డు మీద చక్రం జారగానే కంప్యూటరు దాన్ని తగ్గించేసి భారమంతా డిస్క్ బ్రేకుల మీద వేస్తుంది. అంటే వానాకాలంలో మీకు నిజంగా బ్రేకు కావాల్సిన ఆ క్షణంలోనే. "రీజెన్ ఉంది కదండీ, ఇంక బ్రేకుతో పనేటి?" అని నన్ను అడిగినవాళ్లకి నా జవాబు ఇదే.

జాకీ ఎక్కించే ముందు

తాళం జేబులో పెట్టుకుని కారు దగ్గర కూర్చోకండి. కొన్ని మోడళ్లలో తాళం దగ్గరికి వచ్చినా, తలుపు తెరిచినా బ్రేక్ వ్యవస్థ నిద్ర లేస్తుంది. పెడల్ బలాన్ని పెంచే దాని బూస్టర్‌ని నడిపేది కరెంటు. అది పిస్టన్‌ని నెట్టే సమయానికి మీ వేలు అక్కడ ఉండకూడదు. తాళం ఇంట్లో, దూరంగా ఉన్న గదిలో పెట్టండి.

వెనక చక్రాలకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లోకి మార్చాలి. కొన్ని కార్లకు స్క్రీన్‌లోనే ఆ ఆప్షన్ ఉంటుంది, కొన్నింటికి కారు కంప్యూటరుతో మాట్లాడే స్కానర్ కావాలి. అది చేయకుండా సి క్లాంప్ (మరతో బిగించే పట్టు) పెట్టి బలవంతంగా నొక్కితే లోపలి స్క్రూ, మోటారు పాడవుతాయి, కొత్త కాలిపరే కొనాలి. స్క్రీన్‌లో ఆ ఆప్షనూ లేక, స్కానరూ లేకపోతే వెనక చక్రాల జోలికి పోకండి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. సర్వీస్ మోడ్‌లో పెట్టారంటే పార్కింగ్ బ్రేక్ వదిలేసినట్టే. "గేరు పి (పార్కింగ్) లో ఉంది కదా" అంటారు. పి పట్టుకునేది మోటారు తిప్పే చక్రాలనే. మన దగ్గర ఎక్కువ తిరిగే ఎలక్ట్రిక్ కార్లలో అవి ముందు చక్రాలు. వాటిలో ఒకదాన్ని జాకీతో లేపితే రెండోది దొర్లగలదు. కాబట్టి నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. అరచేతిలో పట్టే గులకరాయి కాదు, సరైన చెక్క దిమ్మ.

జాకీని మాన్యువల్‌లో చూపించిన చోటే పెట్టాలి. పాత కారు అలవాటుతో కాస్త లోపలికి పెడితే అక్కడ ఉన్నది బ్యాటరీ. లేపాక స్టాండ్లు పెట్టండి. జాకీని ఒక్కదాన్నే నమ్ముకుని కింద చెయ్యి పెట్టకండి.

విప్పాక

సముద్రం ఒడ్డున ఉండే మాకు ప్యాడ్లు అరిగిపోవడం కంటే తుప్పు పెద్ద గొడవ. రీజెన్ వల్ల డిస్క్ వాడకం తక్కువ, ఉప్పుగాలి మాత్రం రోజూ తగులుతుంది. కాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోతాయి. అప్పుడు లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగి, బయటిది కొత్తదానిలా కనిపిస్తుంది. చక్రం సందుల్లోంచి చూసి "ఇంకా బోలెడుంది" అనుకునేవాళ్లు చూసేది ఆ బయటి ప్యాడ్‌నే. నిజం చెప్పాలంటే ఎలక్ట్రిక్ కారుకి మీరు ఎక్కువగా చేయాల్సింది ప్యాడ్లు మార్చడం కాదు. ఏడాదికోసారి విప్పి, తుడిచి, పిన్నులకు గ్రీజు రాసి, మళ్లీ బిగించడం. గ్రీజు కూడా బ్రేకుల కోసం అమ్మే సిలికాన్‌దే. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది.

డిస్క్ కనీస మందం దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అంతకంటే పలచబడితే మార్చాల్సిందే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ ఆయిల్ రకాల్లో ఒకటైన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టిన ఆయిల్‌కి ఆ హద్దు 155. ఆయిల్ మరిగితే బుడగలు వచ్చి పెడల్ మెత్తబడుతుంది. సింహాచలం కొండ దిగేటప్పుడు రీజెన్ లేకపోతే ఈ తేడా ఏమిటో కాలికి తెలుస్తుంది. అందుకే ప్యాడ్లు బాగున్నా, కంపెనీ చెప్పిన గడువుకి ఆయిల్ మార్పించాలి. మార్పించాలి అంటున్నాను, మార్చుకోండి అనడం లేదు. ఈ కార్లలో గాలి తీయాలంటే పంపుని స్కానర్‌తో నడపాల్సి రావచ్చు. కాలిపర్ మీద గాలి తీసే మర, అదే బ్లీడింగ్ నిప్పుల్, దాని మీద పానా పెట్టకండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

కాలిపర్ విప్పి ఉండగా పెడల్ ఎవరూ తొక్కకూడదు. పిల్లల్ని కారులో కూర్చోనివ్వకండి. డ్రమ్ము విప్పినప్పుడూ ఇంతే.

కాలిపర్‌ని గొట్టానికి వేలాడదీయకండి. తీగతో కట్టండి.

ఆరెంజ్ రంగు వైరు ముట్టుకోవద్దు. కారణం అడగొద్దు. సరే, చెబుతాను: సాధారణంగా 300 వోల్టుల పైనే.

బ్రేకు దుమ్ముని నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. మాస్కు పెట్టుకోండి.

డిస్క్ మీద డబ్ల్యూడీ 40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టినాయన్ని చూశాను. కొట్టకండి. పెట్రోలూ వద్దు, బ్రేక్ క్లీనర్ వాడండి.

పిస్టన్ నొక్కే ముందు బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా చూడండి. నిండుగా ఉంటే పొంగి పెయింటు పోతుంది.

డాట్ 5 సీసా పొరపాటున కూడా కొనకండి. అది సిలికాన్ ఆయిల్, ఈ బ్రేకులకి పడదు. 5.1 వేరు, 5 వేరు.

ఒక పక్కే ప్యాడ్లు మార్చకండి. రెండు పక్కలా.

ఫోన్ మాట్లాడుతూ చక్రం నట్లు బిగించకండి. కంపెనీ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి.

ముందు రోజు రాత్రి ఫుల్ ఛార్జ్ పెట్టి పొద్దున్నే ఈ పని మొదలుపెట్టకండి. బ్రేకు తప్పితే ఆదుకోవడానికి రీజెన్ కూడా ఉండదు.

డాష్‌బోర్డులో బ్రేక్ హెచ్చరిక లైటు వెలిగితే కారు కదపకండి. 12 వోల్టుల బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పేసి "పోయింది" అనకండి.

బండి లాగించాల్సి వస్తే చక్రాలన్నీ పైకెక్కించే వాహనమే పిలవండి. తాడు కట్టి లాగించకండి.

అన్నీ బిగించాక కారు ఆఫ్‌లో ఉండగానే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పదిసార్లో ఇరవైసార్లో, లెక్క కాదు, గట్టిపడాలి. తర్వాత ఆన్ చేసి మళ్లీ తొక్కండి.

పెడల్ గట్టిగా ఉందని అక్కడితో వదిలేయకండి. కొన్ని కొత్త మోడళ్లలో కారు ఆన్‌లో ఉన్నప్పుడు కాలికి తగిలే ఆ గట్టిదనం లోపలున్న స్ప్రింగుది, ప్యాడ్లది కాదు.

చదును నేల మీద, గేరు ఎన్ (న్యూట్రల్) లో పెట్టి, ఇద్దరు మనుషుల చేత కారుని వెనక నుంచి తోయించండి. ముందు ఎవరూ ఉండకూడదు. మీరు లోపల కూర్చుని పెడల్ తొక్కండి. ఎన్ లో రీజెన్ ఉండదు. ఇప్పుడు ఆగితే అది బ్రేకు ఆపినట్టు. ఆగకపోతే మీరు రోడ్డెక్కలేదు కాబట్టి నష్టం లేదు.

ఈ తోయించే పరీక్ష చేయకుండా డి లో వేయొద్దు. దిగుడు వీధిలో ఇల్లున్నవాళ్లు అసలే వద్దు. రీజెన్‌తో ఆగింది చూసి బ్రేకు ఆపిందనుకోవద్దు.

తోయడానికి మనుషులు దొరకలేదా? సాయంత్రం దాకా ఆగండి.