తక్కువ ఖర్చుతో పికప్ సౌండ్ సిస్టమ్ – 3వ పాఠం: స్పీకరు, తలుపు

పికప్ డ్యాష్‌బోర్డులోని పాటల సెట్టు ముఖం మీద ‘50 వాట్లు × 4’ అని అచ్చు వేసి ఉన్నప్పుడు 4 ఓమ్‌ల స్పీకరుకు నిజంగా అందే శక్తి ఎంతో లెక్క కట్టమని కిందటి పాఠంలో అడిగాము. ఇంజను నడుస్తున్నంతసేపు ఆల్టర్నేటరు వల్ల బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. సెట్టు లోపలి చిప్పు అందులో ఒకటి, ఒకటిన్నర వోల్టులను తానే తినేస్తుంది కనుక స్పీకరు తీగల మధ్య గరిష్ఠంగా 13 వోల్టుల దాకా వస్తాయి. ఆ 13 అల కొన దగ్గరి విలువ కాబట్టి, శక్తి లెక్కకు దాన్ని 1.414తో భాగిస్తే 9.2 వస్తుంది, 9.2ను వర్గం చేసి 4తో భాగిస్తే 21 వాట్లు తేలతాయి. మిగిలినవి అట్టపెట్టె మీద రాసుకోవడానికే తప్ప స్పీకరు దాకా రావు. కంపెనీ బిగించి ఇచ్చిన సెట్టయినా, బయట కొన్న సెట్టయినా, లోపల విడిగా వోల్టేజీ పెంచే ఏర్పాటు లేనంతవరకు ఇదే లెక్క వర్తిస్తుంది.

ఈ 21 వాట్లు చాలవనుకుని చాలామంది ముందుగా యాంప్లిఫయరు కొనడానికి బయలుదేరుతారు. తక్కువ డబ్బుతో పని చేసేవారికి అది చివరి మెట్టు కావాలి గాని మొదటిది కాకూడదని నా అభిప్రాయం. శక్తిని రెట్టింపు చేసి 42 వాట్లు ఇచ్చినా పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే; చెవికి అది ‘కాస్త పెరిగింది’ అన్నంతే. ధ్వని రెట్టింపయిందని మనిషికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అంటే పది రెట్ల శక్తి కావాలి. కాని అదే 3 డెసిబెల్‌లను యాంప్లిఫయరు లేకుండా, వైరింగు జోలికి పోకుండా, స్పీకరు ఎంపికలోనే సంపాదించవచ్చు.

స్పీకరు పెట్టె వెనుక సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక వాటు శక్తి ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్‌లు వచ్చాయో అది చెబుతుంది. 89 ఉన్న స్పీకరుకు 42 వాట్లు ఇస్తే ఎంత పలుకుతుందో, 92 ఉన్న స్పీకరు 21 వాట్లకే అంత పలుకుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు ఒక వాటుకు బదులు 2.83 వోల్టులు ఇచ్చి కొలుస్తాయి. 8 ఓమ్‌ల స్పీకరుకైతే అది ఒక వాటే అవుతుంది గాని మన 4 ఓమ్‌ల స్పీకరుకు రెండు వాట్లవుతుంది కనుక అంకె 3 డెసిబెల్‌లు పెరిగి కనిపిస్తుంది. కాబట్టి పెట్టె మీద 2.83 వోల్టులని ఉంటే ఆ అంకెలోంచి 3 తీసివేసి, అప్పుడు మరో స్పీకరుతో పోల్చండి. ‘మ్యాక్స్ 300 వాట్లు’ వంటి పెద్ద అక్షరాలను చూడనవసరం లేదు. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా తట్టుకునే శక్తి, 40 వాట్లు ఉంటే మన సెట్టుకు కావలసినంత.

కొనే చోటు గురించి ఒక హెచ్చరిక. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ పని, పికప్ పని పక్కపక్క షెడ్లలోనే జరుగుతుంది. పెద్ద లారీల వైరింగు 24 వోల్టులది, మన పికప్‌లది 12 వోల్టులది. స్పీకరుకు ఈ తేడా లేదు గాని, సెట్టు కొనేటప్పుడు మాత్రం వెనుక చీటీ మీద వోల్టేజీ చదవనిదే డబ్బు ఇవ్వకండి. సెకండ్ హ్యాండ్ స్పీకరు చవగ్గా దొరికితే తప్పులేదు, అయితే చేత్తో పరీక్షించి తీసుకోవాలి. రెండు చేతుల వేళ్లనూ కోను చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలండి. లోపల గరగరమని రాపిడి తగిలితే కాయిల్ వంకరపోయిందని అర్థం. దాన్ని అక్కడే వదిలేయండి. కోను అంచున ఉండే మెత్తని పట్టీ ఫోముదైతే గోటితో తాకి చూడండి, పొడిగా రాలితే వద్దు. మన ఎండలకు రబ్బరు పట్టీ ఉన్నదే ఎక్కువ కాలం నిలుస్తుంది. మల్టీమీటరు వెంట ఉంటే రెండు టెర్మినల్‌ల మధ్య 3.2 నుంచి 3.8 ఓమ్‌ల దాకా చూపాలి. 7 దగ్గర చూపితే అది 8 ఓమ్‌ల ఇంటి స్పీకరు. మన సెట్టు నుంచి సగం శక్తే తీసుకుంటుంది.

సైజు విషయానికి వస్తే, బొలెరో పికప్, యోధా, దోస్త్, డి-మ్యాక్స్ అంటూ బండి బండికీ, ఒకే బండిలో రకం రకానికీ మారుతుంది కనుక ఎవరో చెప్పిన సైజు నమ్మకుండా స్వయంగా కొలుచుకోవడమే మేలు. రంధ్రం వెడల్పు అందరూ కొలుస్తారు, లోతు మరిచిపోతారు. అద్దాన్ని పూర్తిగా కిందికి దించి, స్పీకరు కూర్చునే రేకు నుంచి అద్దం వరకు స్కేలు పెట్టి చూడండి. స్పీకరు మ్యాగ్నెట్ వెనుక కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ మిగలాలి. చాలకపోతే స్పీకరు కింద రింగు వేసి ముందుకు తేవచ్చు. ఆ రింగును ఎండీఎఫ్ చెక్కతో చేయించకండి. తలుపు లోపలికి వాన నీరు రావడం మామూలే కాబట్టి అది ఒక్క వానాకాలానికే ఉబ్బిపోతుంది. పీవీసీ షీటు గాని, వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ గాని వాడండి.

ఇప్పుడు తలుపు సంగతి. ఈ పాఠంలో ఇదే ముఖ్యం.

స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. ఈ రెండూ ఎక్కడైనా కలిస్తే ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. ఎత్తు స్వరాల అలలు పొట్టివి కనుక నష్టం అంతగా తెలియదు. కాని 100 హెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 3.4 మీటర్లు, అంత పొడవు అలకు తలుపు ముందు వెనుకలు దాదాపు ఒకే చోటు కింద లెక్క. అందువల్ల తలుపు లోపలి రేకుకు పెద్ద పెద్ద రంధ్రాలు తెరిచి ఉంటే ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా మృదంగం ఎడమవైపు గుమ్ము వినిపించదు, కంఠం మాత్రం కీచుమంటుంది. ఆ రంధ్రాలను మూయడం, రేకు అదురును తగ్గించడం, ఈ రెండు పనులకు పెట్టిన రూపాయి స్పీకరుకు పెట్టిన రూపాయికంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టండి. తర్వాత డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలివైపు కప్పి ఉండే అట్ట, తీయాలి. అద్దం తిప్పే హ్యాండిల్ ఉన్న బండ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే, ఎందుకంటే దానికి బయటికి కనిపించే స్క్రూ సాధారణంగా ఉండదు. హ్యాండిల్ వెనుక గుర్రపు లాడం ఆకారంలో సన్నని స్ప్రింగు క్లిప్పు దాగి ఉంటుంది. పాత నూలు గుడ్డ అంచును హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య సందులోకి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని, బూటు పాలిష్ చేసేవాడిలా ఎడమకూ కుడికీ లాగుతూ మెల్లగా పైకి తేవాలి. గుడ్డ పోగు క్లిప్పు కొసకు తగులుకోగానే టక్కున ఊడి ఎగురుతుంది; రెండో మనిషి అరచెయ్యి అడ్డం పెట్టి ఉంటే సీటు కింద వెతుకులాట తప్పుతుంది. మిగిలిన స్క్రూలు విప్పాక ప్యాడ్‌ను కింది మూల నుంచి, క్లిప్పుకు దగ్గరగా వేళ్లు దూర్చి లాగండి. నడిమి నుంచి లాగితే అట్ట విరుగుతుంది. ఒకటి రెండు క్లిప్పులు ఎలాగూ విరుగుతాయి కనుక ముందే అరడజను కొని పెట్టుకోవడం మంచిది.

ప్యాడ్ వెనుక కనిపించే ప్లాస్టిక్ షీటును చించి పారేయకండి. తలుపు లోపలికి దిగిన వాన నీరు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. అంచున ఉన్న నల్లని జిగురును మెల్లగా విడదీసి షీటును దాచండి.

గుంటూరు మిర్చి యార్డుకు తిరిగే బండ్లకు ఇక్కడ ఒక పని ఎక్కువ. టిక్కీల (మిర్చి బస్తాల) నుంచి లేచిన కారం దుమ్ము తలుపు లోపల పొరగా పేరుకుని ఉంటుంది కాబట్టి ముక్కుకు మాస్కు కట్టుకుని, పొడి గుడ్డతో కాకుండా తడి గుడ్డతో తుడవాలి. రేకు ఆరిన తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడవండి. జిడ్డూ దుమ్మూ ఉన్న రేకుకు ఏ షీటూ అంటుకోదు.

రేకు అదురును తగ్గించే డ్యాంపింగ్ షీట్లలో తారువి, బ్యూటైల్ రబ్బరువి రెండు రకాలు దొరుకుతాయి. తారువి చవక. కాని 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన బండి తలుపు రేకు చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంది. ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది, క్యాబిన్ నిండా వాసన కొడుతుంది. బెజవాడ వేసవిని చూసినవారికి తారు షీటు వేయించమని నేను సలహా ఇవ్వలేను. బ్యూటైల్ ఖరీదనిపిస్తే తక్కువ కొనండి, ఎందుకంటే రేకు మొత్తం కప్పనవసరం లేదు. బయటి రేకును వేలి కణుపుతో తట్టండి, డంగుమని మోగిన చోట ఒక ముక్క అతికించి రోలరుతో గట్టిగా నొక్కండి. నాలుగో వంతు, మూడో వంతు కప్పేసరికే మోత చాలావరకు అణుగుతుంది. లోపలి రేకుకున్న పెద్ద రంధ్రాల మీద సన్నని అల్యూమినియం రేకు ముక్కలు పెట్టి, వాటి మీదుగా షీటు వేసి మూయండి. తలుపు తాళం కడ్డీలకు, అద్దం కదిలే దారికి ఏదీ అడ్డు రాకూడదు. తలుపు అడుగున నీరు పోయే సన్నని రంధ్రాలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూయకండి, మూస్తే తలుపు లోపలే నీరు నిలిచి తుప్పు పడుతుంది.

వైరింగు విషయంలో షాపులో ‘లావు వైరు వేస్తే సౌండు పెరుగుతుంది’ అంటారు. లెక్క చూద్దాం. కంపెనీ వైరు అర చదరపు మిల్లీమీటరు మందం, పోనూ రానూ నాలుగు మీటర్లు అనుకుంటే దాని నిరోధం 0.14 ఓమ్ వస్తుంది. 4 ఓమ్‌ల స్పీకరు ముందు అది తగ్గించే ధ్వని 0.3 డెసిబెల్, ఏ చెవీ పట్టుకోలేదు. 21 వాట్లకు ప్రవహించే కరెంటు కూడా 2.3 ఆంపియర్లే. కాబట్టి యాంప్లిఫయరు లేనంతకాలం పాత వైరు చాలు. దాన్ని కోయకుండా, మీ బండికి సరిపోయే కప్లర్ కొని తగిలిస్తే వారంటీ గొడవ రాదు, రేపు బండి అమ్మేటప్పుడు పాత స్పీకరు మళ్లీ బిగించుకోవచ్చు.

పాతకాలపు మెకానిక్కులు స్పీకరు నెగటివ్ తీగను బాడీకి ఎర్త్ చేసేవారు. ఆనాటి టేప్ రికార్డర్లకు అది చెల్లింది. ఇప్పటి సెట్లలో స్పీకరుకు వెళ్లే రెండు తీగల్లోనూ వోల్టేజీ ఉంటుంది. అందులో ఏది బాడీకి తగిలినా చిప్పు షార్టవుతుంది. రక్షణ ఏర్పాటు ఉంటే సెట్టు ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది. అతుకులన్నిటికీ ఇన్సులేషన్ తప్పనిసరి.

ప్లస్, మైనస్ తికమకపడితే గోడ గడియారపు 1.5 వోల్టుల సెల్లు చాలు. సెట్టు వైపు కప్లర్ ఊడదీసి, స్పీకరు తీగలకు సెల్లును ఒక్క క్షణం తాకించండి. కోను బయటికి దూకితే సెల్లు ప్లస్ తగిలిన తీగే స్పీకరు ప్లస్. రెండు తలుపుల్లో ఒకటి తిరగబడితే ఒక స్పీకరు ముందుకు తోస్తున్నప్పుడు రెండవది వెనక్కి లాగుతుంది, తలుపుకు చేసిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

చిన్న స్పీకరుకు లావు స్వరాలు పంపితే కోను అదుపు తప్పి కొట్టుకుంటుంది. సెట్టు మెనూలో హెచ్‌పీఎఫ్ (లావు స్వరాలను ఆపే ఏర్పాటు) అని ఉంటే 6½ అంగుళాల స్పీకరుకు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మెనూలో అది లేక, డ్యాష్‌బోర్డులో 4 అంగుళాల స్పీకర్లు ఉంటే ప్లస్ తీగలో వరుసగా 200 మైక్రోఫారడ్‌ల నాన్-పోలార్ కెపాసిటరు ఒకటి చేర్చండి. 4 ఓమ్‌ల దగ్గర అది 200 హెర్ట్జ్ దిగువ స్వరాలను క్రమంగా తగ్గిస్తుంది. మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఇక్కడ పనికిరాదు.

అభ్యాసం: ప్యాడ్ బిగించిన తర్వాత ఫోనులో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, సగం వాల్యూమ్‌లో 60 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచండి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి గిలకలా మోగుతుంది: ప్యాడ్ మూల, జేబులోని కాగితాలు, తాళం కడ్డీ, సీటు వెనుక రేకు. మోగిన చోట అరచేత్తో నొక్కి మోత ఆగిందో లేదో చూసి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, పక్కనే హెర్ట్జ్ అంకె రాయండి. తలుపులో మోగేవాటికి ఫోము ముక్క అడ్డం పెడితే సరిపోతుంది. సీటు వెనుక రేకు మీది గుర్తులను మాత్రం అలాగే ఉంచండి. 4వ పాఠంలో పని ఆ రేకు మీదే.