ఇంటి గ్యారేజీ – 6వ పాఠం: టెంపరేచర్ ముల్లు ఆడుతోందా?

పోయిన పాఠంలో మీ చేత పాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దింపించి కొత్తది పోయించాను. అప్పటి నుంచి ఒకటే గోల. ‘మాస్టారూ, నిక్షేపంగా ఉన్న ముల్లు ఇప్పుడు ఉయ్యాల ఊగుతోంది’ అని. తప్పు నాదే. పోశాక గాలి తీయాలని ఒక్క ముక్కలో చెప్పి దాటేశాను. అందువల్ల ఈసారి రావాల్సిన వాటర్ పంపు పాఠం వెనక్కి పోయింది.

కూలెంట్ దించినప్పుడు లోపలి దారుల్లో గాలి చేరుతుంది. మళ్లీ పోసినా అదంతా బయటికి రాదు. హీటర్ పైపుల్లో, ఇంజిన్ హెడ్‌లో ఎత్తుగా ఉన్న మూలన ఇరుక్కుంటుంది. మెకానిక్‌లు ‘ఎయిర్ లాక్’ అనేది దీన్నే. సెన్సర్‌కు కాసేపు కూలెంట్ తగులుతుంది, కాసేపు ఆవిరి తగులుతుంది. ఇక ముల్లు ఆడక ఏం చేస్తుంది?

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా బండి పెట్టండి. మా ఇంటి గేటు ముందున్న ర్యాంపు నాకు అందుకే ఇష్టం. రేడియేటర్ మూత తీయండి. మూత లేని బండ్లలో ప్రెజర్ ట్యాంకు మూత. హీటర్ నాబ్ ఫుల్ వేడి వైపు తిప్పి, కూలెంట్ సన్నటి ధారగా పోయండి. గబగబా పోస్తే గాలిని మీరే మళ్లీ లోపలికి పంపినట్టు. మీ బండికి గాలి తీసే స్క్రూ ఉంటే, అందులోంచి బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. ఇప్పుడు స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలేయండి. చల్లగా ఉన్నంతసేపు పై హోస్ పైపును నొక్కి వదులుతుంటే బుడగలు గుడగుడా పైకొస్తాయి. థర్మోస్టాట్, అంటే వేడికి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్, తెరుచుకోగానే మట్టం దభీమని పడుతుంది. కంగారు పడకుండా నింపండి. పొంగు మొదలైతే ఇంజిన్ ఆపేయండి, మూతి మీదకు వంగి చూడొద్దు. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక ఇంజిన్ ఆపి, చల్లారాక మట్టం సరిచూసి మూత బిగించండి. మర్నాడు పొద్దున బండి ఇంకో గ్లాసుడు తాగడం మామూలే.

ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే, కూలెంట్ రోజూ తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోండి. అది ఇంటి పని కాదు.

కూలెంట్ ముట్టుకోకపోయినా ముల్లు ఆడుతుంటే, ఎప్పుడు ఆడుతోందో చూడండి. గుంతలో పడ్డప్పుడల్లా గెంతితే అది వేడి కాదు, వైరు. అంత కూలెంట్ ఒక్క సెకనులో 30 డిగ్రీలు ఎక్కి దిగలేదు. సెన్సర్ కనెక్టర్ పీకి, పచ్చగా పట్టిన తుప్పు గీకండి. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఎక్కి, హైవే ఎక్కగానే దిగితే ఫ్యాన్. ఏసీ వేసినప్పుడు తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు బాగానే ఉన్నట్టు, రిలేనో (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్) సెన్సరో చూడాలి. రెండు ఫ్యాన్లున్న బండిలో ఈ పరీక్షను నమ్మకండి. వేగంలో ఎక్కితే రేడియేటర్ పూడిక, లేదా పంపు.

ఇక హైవే మీద ముల్లు పూర్తిగా కిందికి జారిపోతుంటే? థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది, లేదా అసలు లేదు. ఇదే నాకు ఒళ్లు మండే విషయం. ‘మన ఎండలకు ఆ వాల్వ్ ఎందుకు సార్’ అని పీకి పారేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. నా పాత హ్యాచ్‌బ్యాక్‌కు నాకు చెప్పకుండానే పీకేశారు. నందిగామ దాటాక ముల్లు అడుగుకు పడింది, మైలేజీ కూడా దానితోపాటే పడింది. ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఇంకో తమాషా వినండి. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూసేస్తుంది. వాల్వ్ తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతుంది. చల్లబడాలని పీకితే ఘాట్ రోడ్డు మీద హీటెక్కుతుందన్నమాట!

అనుమానం ఉంటే ఉడకబెట్టి చూడండి. వంటకు వాడని గిన్నెలో నీళ్లు, అందులో థర్మామీటరు, దారానికి కట్టిన వాల్వ్. అడుగుకు తగలకూడదు. దాని మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది. ఆ వేడికి అటూ ఇటుగా తెరుచుకోవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. కొత్తది కొన్నా నేను ఉడకబెట్టకుండా బిగించను. మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనీండి. జిగిల్ పిన్ (వాల్వ్ అంచు రంధ్రంలో వదులుగా ఆడే చిన్న పిన్ను) ఉంటే ఆ రంధ్రం పైకి రావాలి, గాలి పోయేది అందులోంచే. రబ్బరు రింగు కొత్తది వేయండి. బిగించడం రెండు మూడు బోల్టుల పని, చెప్పేదేం లేదు.

అభ్యాసం: చాలా కొత్త బండ్లలో ముల్లు నిజం చెప్పదు. 80 నుంచి 100 దాకా నడిమధ్యనే కూర్చుంటుంది. కాబట్టి ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ రీడింగులను ఫోన్‌లో చూపే చిన్న పరికరం) పెట్టి, తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్ రెండోసారి ఆగేదాకా నిమిషానికో రీడింగ్ రాయండి. అరగంట పట్టొచ్చు. మధ్యలో చాయ్‌కి వెళ్లకండి. పై హోస్ పైపు వేడెక్కడం మొదలైన నిమిషం దగ్గర ఎర్ర గీత పెట్టండి. మూడు రోజులు ఇలా చేసి, ఆ మూడు కాగితాలూ దాచుకోండి. వాటర్ పంపు పాఠానికి కావాలి.