చవక క్యాంపర్ ట్రైలర్ కొంటున్నారా? లక్షణం చూసి జబ్బు పట్టుకోండి

ఆస్ట్రేలియాలో పది వేల డాలర్ల లోపు దొరికే సెకండ్ హ్యాండ్ ఆఫ్-రోడ్ క్యాంపర్ ట్రైలర్లన్నీ ఫొటోల్లో ఒకేలా ఉంటాయి. మందపాటి ఛాసిస్, పెద్ద టైర్లు, బయటికి లాగే స్టీలు వంటగది, పైన మడతపెట్టిన టెంటు. అమ్మేవాళ్లలో సగం మంది "ఇది గిబ్ రివర్ రోడ్డు వెళ్లొచ్చింది" అని గర్వంగా చెబుతారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో డెర్బీ నుంచి కునునర్రా వైపు సుమారు 660 కిలోమీటర్ల రోడ్డు అది. చాలా భాగం రేకు షీటులా ముడతలు పడ్డ మట్టి. అక్కడికి వెళ్లొచ్చిందంటే గట్టి బండి అని అర్థమా, లేక వెల్డింగులన్నీ వదులై ఉన్నాయనా అన్నది కింద పడుకుని చూస్తే తప్ప తెలీదు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లు టార్నీట్, ట్రుగనీనా వైపు మనవాళ్లు చాలామంది ఇప్పుడు వీటి మీద పడ్డారు. కొన్న నెలకి ఫోన్ వస్తుంది: "అన్నా, ఊగుతోంది", "అన్నా, ఫ్రిజ్ ఆగిపోతోంది". ఆ ప్రశ్నలన్నీ కొనడానికి ముందే తేలిపోయేవి. ట్రైలర్ తగిలించడం, రివర్స్ చేయడం, టైరు మార్చడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

90 దాటితే ట్రైలర్ తోకలా ఊగుతోంది

కారణం నూటికి తొంభై పాళ్లు బరువు. ఎంత బరువన్నది ఒకటి, అది ఎక్కడుందన్నది ఇంకొకటి. ట్రైలర్ ముందు భాగం కారు వెనక తగిలించే బాల్ మీద మోపే బరువు మొత్తంలో 10 శాతం దగ్గర ఉండాలని ఇక్కడ అందరూ పాటించే లెక్క. ఇరుసు వెనక నీళ్ల ట్యాంకు, దాని పైన స్పేర్ టైరు, వెనక బంపర్‌కి రెండు జెర్రీ క్యాన్లు తగిలించి ఉంటే ఆ 10 శాతం ఎక్కడికి పోతుందో మీకే అర్థమవుతుంది. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు.

పరిష్కారం: ట్యాంకు ఇరుసుకి ముందున్న మోడల్ చూసుకోండి. బరువైన సామాను ముందుకి, కిందికి జరపండి. అప్పటికీ ఊగితే టైర్ల గాలి చూడండి.

ఇంత చెప్పినా ఎవరూ చేయని పని ఒకటుంది. కాటా. ప్లేటు మీద ఏటీఎం అని ఒక అంకె, టేర్ అని ఒక అంకె ఉంటాయి. మొదటిది సామానుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు, రెండోది ఖాళీ బరువు. ఉదాహరణకి ఏటీఎం 1,600, టేర్ 1,150 అనుకుంటే 450 కిలోల సామాను పెట్టుకోవచ్చని లెక్కేసుకుంటారు. కానీ ఆ టేర్ ఫ్యాక్టరీ గేటు దాటినప్పటిది. తర్వాత పాత ఓనరు రెండో బ్యాటరీ, ఆనింగ్ (పక్కకి పరిచే పందిరి గుడ్డ), ఫ్రిజ్ స్లైడు, టూల్ బాక్స్, రూఫ్ ర్యాక్ అన్నీ బిగించి ఉంటాడు. అవన్నీ ఆ 450లోంచే పోతాయి. నీళ్లు నింపేసరికి మీ బట్టలకి కూడా చోటు మిగలదు. పబ్లిక్ వే బ్రిడ్జి మీద ఒకసారి ఎక్కించడానికి పట్టే ఖర్చు ఒక పూట భోజనమంత. అమ్మేవాడు "అవసరం లేదు బ్రదర్" అంటే అవసరం ఉందని అర్థం. స్ప్రింగు విరగడం, బేరింగు కాలడం, టైరు పేలడం వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ వాటిలో చాలావాటికి మొదలు ఈ బరువే.

ఒక చక్రం హబ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది

రెండు హబ్‌లూ గోరువెచ్చగా ఉంటే మామూలే. ఒకటి మాత్రం కాలుతుంటే బేరింగు గానీ, పట్టేసిన బ్రేకు గానీ. జాకీ వేసి చక్రం తిప్పండి. గరగరమంటే బేరింగు. బరువుగా తిరుగుతుంటే బ్రేకు, లేదా నట్టు మరీ బిగించి ఉంది. పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంటే వదులు.

బేరింగులు చవక రకం అయితే ప్రశ్న లేకుండా మార్చేయండి. టిమ్‌కెన్, కోయో లాంటి పేరున్నవి ఒక సెట్ చక్రాలకి, ఒక సెట్ డబ్బాలో. కొనేటప్పుడే ఏ సైజు బేరింగులో అడగండి. ఇక్కడ హోల్డెన్ రకం, ఫోర్డ్ రకం అని పిలిచే రెండు సైజులు చిన్న ఊళ్లో కూడా దొరుకుతాయి. ఎక్కడా దొరకని సైజు వాడిన ట్రైలర్ ఎంత అందంగా ఉన్నా వద్దు. మట్టి రోడ్డెక్కాక మొదట ఆగిన చోట హబ్ మీద చెయ్యి పెట్టి చూడటం రెండు నిమిషాల పని. టీ కోసం ఆగుతారు, ఫొటోలు తీసుకుంటారు, ఇది మాత్రం చేయరు.

టైరు లోపలి అంచు ఒక్కటే అరిగింది

ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడివిడిగా కదిలేది) అయితే అలైన్‌మెంట్ తప్పింది. సర్దే బోల్టు ఉంటే సర్దించుకోవచ్చు. కొన్ని చవక మోడళ్లలో సర్దడానికి ఏమీ ఉండదు, ఆర్మ్‌ని ఎలా వెల్డ్ చేశారో అలాగే బతకాలి. ఇరుసు ఉన్నదైతే బరువుకి వంగి ఉంటుంది.

అడిగితే నా మాట ఇది: బడ్జెట్ తక్కువైనప్పుడు ఇండిపెండెంట్ అనే మాటకి డబ్బు పెట్టకండి. సాదా ఇరుసు, ఆకు స్ప్రింగులు, వాటిని ఛాసిస్‌కి కలిపే షాకిల్స్, మంచి షాక్ అబ్జార్బర్లు చాలు. ఆకు విరిగితే ఏ ఊళ్లోనైనా మారుస్తారు. చవక కాయిల్ స్ప్రింగు ఆర్మ్ పగిలితే ట్రక్కు పిలిపించుకోవాలి.

ఛాసిస్ మీద వెంట్రుకంత గోధుమరంగు గీత

మురికి అనుకుని వదిలేస్తారు. వైర్ బ్రష్‌తో రుద్ది, ఫోన్ లైటు పక్క నుంచి వేసి చూడండి. మురికి అయితే పోతుంది. పగులైతే పెయింటు రెండు వైపులా సన్నగా లేచి, మధ్యలో తుప్పు గీత మళ్లీ కనిపిస్తుంది. ముఖ్యంగా మూడు చోట్లు: డ్రాబార్ (కారు వైపు చాచి ఉండే ముందు కడ్డీ) వచ్చి బాడీ ముందు భాగాన్ని కలిసే మూల, స్ప్రింగు హ్యాంగర్లు, షాక్ అబ్జార్బర్ బిగించిన చెవులు. చెవి పగిలితే ట్రైలర్ వర్క్‌షాపులో గ్రైండ్ చేయించి వెల్డ్ చేయించవచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి. డ్రాబార్ మూల పగిలితే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొత్తగా నల్ల పెయింటు ఆ మూల ఒక్కచోటే మెరుస్తుంటే ఇంకా తొందరగా వచ్చేయండి.

రాత్రి ఫ్రిజ్ ఆగిపోతుంది, పొద్దున చూస్తే బ్యాటరీ బాగానే ఉంటుంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే.

కథ ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. అర్ధరాత్రి దాటాక ఫ్రిజ్ ఎర్ర లైటు వేసి ఆగుతుంది. పొద్దున మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.4 చూపిస్తుంది. బ్యాటరీ ముసలిదైందని కొత్తది కొంటారు. వారం బాగుంటుంది, మళ్లీ అదే. ఈసారి ఫ్రిజ్ మీద అనుమానం. ఫ్రిజ్‌ని ఇంటికి తెచ్చి ప్లగ్ పెడితే శుభ్రంగా నడుస్తుంది. ఇక సోలార్ ప్యానెల్ పెద్దది కొంటారు. పాలు, చికెన్ మాత్రం పాడవుతూనే ఉంటాయి.

అసలు దొంగ వైరు. బ్యాటరీలో ఉన్న వోల్టేజీ ఫ్రిజ్ దాకా చేరట్లేదు. సన్నటి వైరులో కరెంటు పారితే దారిలోనే కొంత వోల్టేజీ పోతుంది. 240 వోల్టుల ఇంట్లో అర వోల్టు పోయినా ఎవరికీ పట్టదు. 12 వోల్టుల దగ్గర అర వోల్టు అంటే ఫ్రిజ్‌కి ప్రాణం. అర్ధరాత్రికి బ్యాటరీ 12.2కి దిగి, అందులో అర వోల్టు పైగా వైరులోనే కరిగితే ఫ్రిజ్ చూసేది 11.6. బ్యాటరీని కాపాడుదామని అది ఆగిపోతుంది. అది ఆగగానే కరెంటు పారడం మానేస్తుంది, కరెంటు లేకపోతే నష్టం లేదు, వోల్టేజీ మళ్లీ పైకి లేస్తుంది. అందుకే మీరు మీటర్ పట్టుకుని వెళ్లేసరికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇక్కడ ఇంకో మెలిక. ఆస్ట్రేలియా షాపుల్లో "6 ఎంఎం ఆటో కేబుల్" అని అమ్మేదాంట్లో ఆ 6 పైన ప్లాస్టిక్ తొడుగుతో కలిపి కొలిచిన మందం. లోపలి రాగి 4.6 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. "4 ఎంఎం" అయితే 1.84. మన ఇళ్లలో 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించిన అలవాటుతో "నాలుగంటే చాలు" అనుకుంటాం. చవక ట్రైలర్ తయారుచేసేవాడు కూడా సరిగ్గా అక్కడే పొదుపు చేస్తాడు, ఎందుకంటే వైరు ఫొటోలో కనిపించదు.

లెక్క చూడండి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 5 మీటర్లు, రానూ పోనూ 10. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతుంది. "4 ఎంఎం" కేబుల్ అయితే దాదాపు అర వోల్టు పోతుంది. సిగరెట్ సాకెట్ వదులుగా ఉంటే ఇంకొంచెం. అదే 8 బీఅండ్ఎస్ కేబుల్, అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే పోయేది వోల్టులో పదో వంతు.

పట్టుకునే పద్ధతి ఒక్కటే: లోడ్ నడుస్తుండగా కొలవాలి. ఫ్రిజ్ కంప్రెసర్ మోగుతున్నప్పుడు బ్యాటరీ టెర్మినల్స్ మీద ఒకసారి, ఫ్రిజ్ సాకెట్ దగ్గర ఒకసారి. రెండింటి తేడాయే వైరు తింటున్నది. 0.2 దాకా సర్దుకోవచ్చు. 0.5 అయితే వైరు మార్చాల్సిందే. ట్రైలర్ చూడటానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మోసుకెళ్లక్కర్లేదు. 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బుకి ప్లగ్ తగిలించి పట్టుకెళ్లండి, అది కూడా నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. లోడ్ లేకుండా మీటర్ పెట్టి "12.6 ఉంది, సూపర్" అనుకుని డబ్బిచ్చేస్తే ఏమీ చూడనట్టే.

పరిష్కారం: ఫ్రిజ్‌కి బ్యాటరీ నుంచి నేరుగా, వేరేగా, లావు కేబుల్. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. సిగరెట్ సాకెట్ పీకేసి యాండర్సన్ ప్లగ్ (ఎక్కువ కరెంటుకి వాడే గట్టి ప్లగ్) గానీ, స్క్రూ బిగించే సాకెట్ గానీ పెట్టండి.

ఇదే దొంగ ఛార్జింగులోనూ ఉంటాడు. కారు ఇంజను నుంచి ట్రైలర్ బ్యాటరీకి 8 మీటర్లు అనుకోండి, 20 ఆంపియర్లు పారితే "6 ఎంఎం" కేబుల్‌లో 1.2 వోల్టులు పోతాయి. కారు 14.2 ఇస్తే బ్యాటరీకి చేరేది 13. ఏజీఎం బ్యాటరీ (సీలు వేసిన లెడ్ యాసిడ్ రకం) దాంతో ఎప్పటికీ నిండదు. కొత్త కార్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ దానంతట అదే వోల్టేజీ తగ్గించేస్తుంది, ఇంకా దారుణం. దీనికి డీసీ-డీసీ ఛార్జర్ (వచ్చిన వోల్టేజీని బ్యాటరీకి కావలసినంతకి సర్ది ఇచ్చేది) కావాలి, అదీ ట్రైలర్‌లో, బ్యాటరీ పక్కనే. కారు బానెట్ కింద పెడితే దాని తర్వాత మళ్లీ అదే పొడుగు వైరు, మళ్లీ అదే నష్టం. కారు నుంచి వచ్చే కేబుల్ 6 బీఅండ్ఎస్ (ఈ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వైరు లావు), రెండు చివర్లా ఫ్యూజులు. సన్న వైరు అలాగే ఉంచి లిథియం బ్యాటరీ మాత్రం పెట్టకండి. అది కరెంటు గట్టిగా లాగుతుంది, వైరు వేడెక్కుతుంది.

బ్రేకులు సగమే పడుతున్నాయి, లైట్లు మిణుకుమంటున్నాయి

వెంటనే కారులోని బ్రేకు కంట్రోలర్ మార్చకండి. పైన చెప్పిన దొంగకి తమ్ముడుంటాడు, ఎర్త్. ఎలక్ట్రిక్ బ్రేకుల్లో ఒక్కో మ్యాగ్నెట్ సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు వెనక్కి వెళ్లే ఎర్త్‌ని ఛాసిస్ పెయింటు మీద ఒక స్క్రూతో బిగించి వదిలేసి ఉంటారు. ఒక వర్షాకాలానికి దాని కింద తుప్పు పడుతుంది. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా వెలిగితే అది ఎర్త్ సంతకం. పెయింటు గీకి, రింగు టెర్మినల్ పెట్టి, బోల్టుతో బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంకా మంచిది, ప్లగ్ దాకా వేరే ఎర్త్ వైరు లాగండి. ట్రైలర్ జీటీఎం (కారుకి తగిలించాక ట్రైలర్ చక్రాల మీద పడే గరిష్ఠ బరువు) 750 కిలోలు దాటితే బ్రేకులు ఉండాలన్నది చట్టం. 2,000 దాటితే అన్ని చక్రాలకీ ఉండాలి, ట్రైలర్ విడిపోతే వాటంతట అవే పడే ఏర్పాటు కూడా ఉండాలి.

వంటగది డబ్బాల్లోకి దుమ్ము

మూతల చుట్టూ రబ్బరు అణిగిపోయింది. మూత మధ్యలో కాగితం పెట్టి మూయండి, లాగితే సులువుగా వస్తే అక్కడే దుమ్ము దారి. రబ్బరు మీటరు లెక్కన దొరుకుతుంది, మార్చేయండి.

టెంటు కుట్ల దగ్గర నీళ్లు

కొత్త కాన్వాస్ అయితే భయం లేదు. పైపుతో తడిపి, పూర్తిగా ఆరబెట్టి, రెండు మూడు సార్లు అలా చేస్తే దారం ఉబ్బి సూది రంధ్రాలు పూడుకుంటాయి. పాతదైతే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. బూజు వాసన కొడితే తడిగా మడిచేసి ఉంచారు, నల్ల మచ్చలు ఎంత రుద్దినా పూర్తిగా పోవు. కొత్త టెంటు ధర కనుక్కుని, ఆ మొత్తం తగ్గించి బేరమాడండి.

అరుదైనవి

స్టబ్ యాక్సిల్ వంగడం, బ్రేకు మ్యాగ్నెట్ షార్ట్ కావడం, సోలార్ రెగ్యులేటర్ పోవడం, కప్లింగ్ లోపల పగలడం జరగవని కాదు. కానీ బరువు, హబ్, వైరు, ఎర్త్ చూడకుండా వీటి మీద డబ్బు పెట్టకండి. ఆ నాలుగూ సరిగ్గా ఉండి కూడా లక్షణం పోకపోతే, అప్పుడు ట్రైలర్‌ని వర్క్‌షాపుకి తీసుకెళ్లి మీరు రాసుకున్న వోల్టేజీ అంకెలు, కాటా చీటీ వాళ్ల చేతికివ్వండి.