కొత్త మోకాలు, పాత మణికట్టు: మూడో పాఠం

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉండి, మోకాలు మార్పిడి ఆపరేషన్ చేయించుకునేవాళ్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని మోకాలు పూర్తిగా చాపడం నేర్చుకున్నాం. రోజూ చేస్తున్నవాళ్లకి ఈపాటికి మోకాలి వెనక భాగం కాస్త కాస్తగా పరుపు వైపు దిగుతూ ఉండాలి. అది ఆపకండి. మోకాలి కింద దిండు మాత్రం, ఎంత హాయిగా అనిపించినా, పెట్టుకోవద్దు. వంగిన మోకాలు అలాగే బిగుసుకుపోతే తర్వాత చాపడం చాలా కష్టం.

ఈ పాఠం చేతుల గురించి. మోకాలి ఆపరేషన్ గురించి చెబుతూ చేతుల సంగతి ఎందుకు అనిపించవచ్చు. వయసుతో మోకాళ్లు అరిగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి వాకర్ మీద బరువు వేసి నడవడం పెద్ద సమస్య కాదు. మనకి అలా కుదరదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఎక్కువగా ముందు పట్టుకునేవి వేళ్లు, మణికట్లు, పాదాల చిన్న కీళ్లే. ఆపరేషన్ చేసిన కాలు బలం పుంజుకునే వారాల్లో మంచం దిగినా, కుర్చీలోంచి లేచినా, పది అడుగులు నడిచినా ఆ బలహీనమైన చేతులే ఆసరా కావాలి.

నా విషయమే చెబుతాను. కుడి మోకాలు మార్చేనాటికి నాకు ఈ జబ్బు వచ్చి పన్నెండేళ్లు. రెండో రోజున వాకర్ ఇచ్చి "బరువు చేతుల మీద వేసి నడవండి" అన్నారు. అలాగే నడిచాను. ఐదో రోజు పొద్దున్నకి కుడి మణికట్టు ఉబ్బిపోయి, కుళాయి తిప్పడానికి కూడా వేళ్లు ముడుచుకోలేదు. మోకాలు నడుస్తానంటోంది, చెయ్యి పట్టుకోనంటోంది. ఆ తర్వాత రెండు రోజులు మంచానికే పరిమితమయ్యాను. నా చేతుల పరిస్థితి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పాలనుకోలేదు. మీరు అడిగేదాకా ఆగకండి. ఆపరేషన్‌కి ముందే ఫిజియోథెరపిస్టుకి మీ రెండు చేతులూ చూపించండి. పిడికిలి బిగుస్తుందా, మణికట్టు వెనక్కి వంగుతుందా, మోచేయి పూర్తిగా చాచగలరా అన్నవి ఆయన కళ్లారా చూడాలి.

చేతులు అప్పుడే ఎందుకు మొరాయిస్తాయి?

వాకర్ బరువు ఒక కారణం. రెండోది మందుల లెక్క. వాతాన్ని అదుపులో ఉంచడానికి వాడే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కొనే శక్తిని తగ్గిస్తాయి కాబట్టి, సర్జరీకి ముందు ఒక డోసు ఆపుతారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, అక్కడి తుంటి, మోకాలి సర్జన్ల సంఘం కలిసి 2017లో ఇచ్చి 2022లో సవరించిన సూచనలు కూడా ఇదే చెబుతాయి. ఉదాహరణకి రెండు వారాలకోసారి తీసుకునే అడాలిముమాబ్ అయితే, చివరి డోసు వేసుకున్నాక మూడో వారంలో సర్జరీ పెడతారు. తర్వాత గాయం మానుతున్నట్టు కనిపించి, కుట్లో స్టేపుల్సో తీశాక, వాపూ ఎరుపూ కారడమూ లేకపోతే మళ్లీ మొదలుపెడతారు. అందుకు సాధారణంగా 14 రోజులు పడుతుంది. కూడి చూడండి: రెండు వారాలకోసారి అందాల్సిన మందు దాదాపు ఐదు వారాలు అందదు. వాకర్ అవసరం బాగా ఉండే రోజులూ అవే.

మీ డాక్టర్ ఇచ్చే తేదీలు మీ మందుని బట్టి వేరుగా ఉండొచ్చు, వాటినే పాటించండి. వాతానికి వాడే ఇంకో మందు మెథోట్రెక్సేట్‌ని మాత్రం ఆ సూచనల ప్రకారం మామూలుగా ఆపరు. సర్జరీ అనగానే భయపడి సొంతంగా మానేసేవాళ్లు ఉన్నారు. దాంతో వాతం మళ్లీ తిరగబడొచ్చు. అది వారానికి ఒక్క రోజు వేసుకునే మాత్ర. నొప్పి మాత్రలు, రక్తం పలచన చేసే మందులు కొత్తగా చేరిన ఈ రోజుల్లో డబ్బాలు కలిసిపోయి రోజూ వేసేసుకుంటే ప్రాణానికే ముప్పు. వారంలో ఏ రోజున వేసుకోవాలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు.

కుర్చీలోంచి లేవడం

ఈ పాఠంలో చేత్తో చేసి నేర్చుకోవాల్సింది ఇదే. ఒకటికి నాలుగుసార్లు చదివి, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని చేయండి.

ముందు కుర్చీ. రెండు వైపులా గట్టి చేతులు ఉండాలి, కదలకూడదు, చక్రాలు అసలే వద్దు. కూర్చుంటే మీ తుంటి మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో ఉండాలి. ఎత్తు చాలకపోతే గట్టి ఫోమ్ ముక్క వేయండి. మెత్తటి దిండు వేస్తే లోపలికి దిగబడిపోయి, లేచేటప్పుడు చేతుల మీద మరింత భారం పడుతుంది. రెండో మోకాలు కూడా దెబ్బతిని ఉన్నవాళ్లకి ఈ ఎత్తే సగం పని చేసిపెడుతుంది.

ఇప్పుడు కుర్చీ అంచుకి రండి. అరచేతులతో తోసుకుంటూ జరగొద్దు. ఒక పిరుదు, ఆ తర్వాత రెండో పిరుదు, అలా ఒక్కో వైపు ఎత్తుతూ ముందుకి జరగండి. ఆపరేషన్ చేసిన కాలిని ముందుకి చాపండి. రెండో పాదాన్ని మోకాలి కిందకి లాక్కోండి. లేపేది ఆ కాలే.

అసలు కిటుకు ఇక్కడుంది. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి నొక్కడం మనకి అలవాటు. అలా చేస్తే మణికట్టు వెనక్కి మడత పడి, ఒంటి బరువంతా ఆ మడత మీదే పడుతుంది. వేళ్లు నొప్పిగా ఉంటే పిడికిలి బిగించి కణుపుల మీద ఆనేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా చెడ్డది. దానికి బదులు మోచేయి నుంచి మణికట్టు దాకా ముంజేయి మొత్తం కుర్చీ చేతి మీద పరవండి. వేళ్లు వదులుగా ఉండనివ్వండి. ఇప్పుడు బరువు ఒక కీలు మీద కాకుండా ముంజేయి పొడవునా పడుతుంది.

ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగండి. ఊపిరి వదులుతూ, ముంజేతులతో ఆని, మంచి కాలితో లేవండి. వంగడం చాలనప్పుడే చేతులకి పని ఎక్కువవుతుంది, కాబట్టి లేవలేకపోతే ఇంకాస్త వంగి చూడండి. నిలబడ్డాక ఒక క్షణం ఆగండి. తర్వాత ఒక చెయ్యి, దాని తర్వాత రెండో చెయ్యి వాకర్ మీదికి తీసుకెళ్లండి. వాకర్‌ని లాగి లేవబోతే అది మీ మీదికే తిరగబడుతుంది.

కూర్చోవడానికి ఇదంతా తలకిందులుగా. కుర్చీ అంచు రెండు కాళ్ల వెనకా తగిలేదాకా వెనక్కి రండి, ఆపరేషన్ కాలు ముందుకి జార్చండి, ముంజేతులతో కుర్చీ చేతులు వెతుక్కుని మెల్లగా దిగండి. ధబ్బున పడితే కుట్ల దగ్గర లాగుతుంది.

మొదటి రోజు మూడుసార్లు చాలు. నాకు ముంజేతుల మీద నమ్మకం కుదరడానికి నాలుగు రోజులు పట్టింది.

వాకర్

మామూలు వాకర్ అయితే, చేతులు కిందికి వేలాడేసి నిలబడినప్పుడు పిడి మీ మణికట్టు గీత దగ్గర ఉండాలి. పిడి సన్నగా ఉంటే ఫోమ్ గొట్టం తొడిగి లావు చేయండి. సన్నటి పిడిని పట్టుకోవాలంటే వేళ్లు ఎక్కువ బిగించాలి. పది అడుగులు నడిచి కూర్చున్నాక అరచెయ్యి తిప్పి చూసుకోండి. బొటనవేలి మొదట్లో ఎర్రటి గాడి పడి ఉంటే అవసరానికి మించి బిగిస్తున్నారని అర్థం.

మణికట్టు ఉబ్బి ఉన్నా, వేళ్లు చిటికెన వైపు ఒరిగి ఉన్నా ముంజేతులు ఆనించే ప్లాట్‌ఫామ్ వాకర్ అడగండి. ఒక చెయ్యే బాగోలేకపోతే ఆ ఒక్క వైపే ఆనుడు బిగించే ఏర్పాటు కూడా ఉంటుంది. దాని మీద ఉన్నప్పుడు మోచేయి సుమారు 90 డిగ్రీలు వంగాలి, భుజాలు చెవుల వైపు ఎగదన్నకూడదు. నా మూడో వారం గట్టెక్కింది దీనివల్లే. మొదటి రోజే తెలిసి ఉంటే ఆ రెండు రోజులు పోయేవి కావని ఇప్పటికీ బాధగా ఉంటుంది. వస్తువులు చేత్తో పట్టుకుని నడవకుండా వాకర్‌కి ముందు వైపు చిన్న సంచి కట్టించుకోండి.

పొద్దున్న పూట

కళ్లు తెరవగానే దిగకండి. చేతులు బిగుసుకుని ఉన్నప్పుడు వాకర్ మీద పట్టు నిలవదు. పది, పదిహేను నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలోనో వెచ్చటి తువ్వాల్లోనో చేతులు ఉంచి, వేళ్లు మెల్లగా ముడిచి తెరవండి. ఒక కీలు ఎర్రగా, వేడిగా పొంగి ఉంటే దానికి వేడి వద్దు. మోకాలికి మాత్రం చల్లటిదే, గుడ్డ చుట్టి, 15 నుంచి 20 నిమిషాలు. చలికి వేళ్లు తెల్లబడేవాళ్లు ఐస్ ప్యాక్‌ని చేత్తో పట్టుకోవద్దు, పట్టీతో కట్టించుకోండి. మోకాలి వ్యాయామాల్లో కష్టమైనవి బిగుతు వదిలాక, పొద్దెక్కాక పెట్టుకోండి.

ఇది వాతమా, ఇన్ఫెక్షనా?

ఇక్కడ పొరపాటు పడకూడదు. వాతం ఎగసినప్పుడు సాధారణంగా రెండు మణికట్లు, వేళ్లు, పాదాలు అలా పలు చోట్ల నొప్పి తెలుస్తుంది, పొద్దున్న బిగుతు వదలడానికి పట్టే సమయం పెరుగుతుంది. మిగతా కీళ్లన్నీ మామూలుగా ఉండి, తగ్గుతూ వచ్చిన ఆపరేషన్ మోకాలి నొప్పి ఒక్కటే మళ్లీ పెరిగితే, గాయం చుట్టూ ఎరుపు పాకితే, ఏదైనా కారితే అది వాతమని సరిపెట్టుకోకండి. అదే రోజు సర్జన్‌కి ఫోన్ చేయండి. రెండూ ఒకేసారి రావచ్చు కూడా. జ్వరం లేదు కదా అని ధీమా వద్దు, స్టెరాయిడ్లూ బయోలాజిక్స్ జ్వరాన్ని కనపడనివ్వకపోవచ్చు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మింగొద్దు. ముందే మందు పడితే మోకాలిలోంచి నీరు తీసి పరీక్ష చేసినా ఏ క్రిమో దొరకకపోవచ్చు.

మోకాలు తాకితే కొంచెం వెచ్చగా ఉండటం కొన్ని నెలలదాకా మామూలే. ఎరుపు లేకుండా, నొప్పి తగ్గుతూ ఉంటే దానికి టెన్షన్ పడక్కర్లేదు. పిక్క ఉబ్బి నొప్పెడితే ఆ రోజే చూపించుకోవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈ వారం పని

ఒక నోట్‌బుక్‌లో రోజూ మూడు సంగతులు రాయండి: పొద్దున్న చేతుల బిగుతు ఎన్ని నిమిషాలకి వదిలింది, కుర్చీలోంచి ముంజేతులతో ఎన్నిసార్లు లేచారు, రాత్రికి మణికట్టు నొప్పి పదిలో ఎంత. పెన్ను పట్టుకోలేని రోజున ఇంకొకరితో రాయించండి, ఆ సంగతి కూడా రాయించండి. కుట్లు తీసే రోజున ఆ పేజీ సర్జన్‌కీ, రుమటాలజిస్టుకీ ఇద్దరికీ చూపించి, ఆపిన ఇంజెక్షన్ ఏ తేదీన మొదలుపెట్టాలో అడిగి అక్కడే రాయించుకోండి.

నాలుగో పాఠంలో మెట్లు. అప్పటిదాకా, రెయిలింగ్ ఉన్నా సరే, ఒంటరిగా ఎక్కవద్దు.