కొట్టుకొచ్చిన కర్రకు రంగు నిలిచింది

మోకాలు దెబ్బతిని కబడ్డీ మానేశాక, భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలు ఏరి బొమ్మలు చేయడం మొదలుపెట్టాను. మొదటి గుర్రానికి వేసిన రంగు వానాకాలంలో పొక్కులు లేచి ఊడిపోయింది. ఏడుపొచ్చింది.

తప్పు రంగుది కాదు, కర్రలో దాగిన ఉప్పుది. అది గాలిలోని తేమను లాగుతుంది. ఇప్పుడు కర్రను మంచినీళ్ల డ్రమ్ములో 2 వారాలు నానబెట్టి, 3 రోజులకోసారి నీళ్లు మారుస్తాను. ఆరబెట్టడం మాత్రం నీడలోనే, నెల పట్టినా సరే. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. కొసలకు మైనం రాస్తే పగుళ్లు ఇంకా తగ్గుతాయి.

ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర ఉలికి లొంగినట్టు ఇది లొంగదు. వంపు ఎటుంటే బొమ్మ అటే. నాకు నచ్చేదీ అదే.

రెండో గుర్రం మొన్నటి వానాకాలం దాటింది. రంగు చెక్కుచెదరలేదు.