ఎర్రర్ స్పాటింగ్‌లో వెర్బ్: తెలుగును ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు

నంద్యాలలో బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీష్ గ్రామర్ చెబుతుంటాను. వాటిలో ఎర్రర్ స్పాటింగ్ అని ఒక రకం ప్రశ్న ఉంటుంది: ఒక వాక్యం ఇచ్చి తప్పు ఎక్కడుందో పట్టుకోమంటారు, తప్పే లేకపోతే ‘నో ఎర్రర్’ పెట్టాలి. ఎక్కువమంది తెలుగు మీడియం వాళ్లే. పన్నెండు టెన్స్‌ల పట్టిక బట్టీ పట్టి వస్తారు, ప్రశ్న ముందు పెడితే మాత్రం టెన్షన్ పడతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. కర్తకు తగ్గ క్రియ పెట్టడం మీకు చిన్నప్పటి నుంచీ వచ్చు, అక్కడ తెలుగును నమ్మండి. కాలం దగ్గరికొస్తే మాత్రం తెలుగును నమ్మి ఆన్సర్ పెట్టొద్దు.

ఈ వాక్యం చూడండి: ‘ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దిస్ మార్కెట్ ఆర్ వెరీ పూర్.’ పైపైన చదివితే తప్పేమీ కనిపించదు. ముందు అసలు వెర్బ్ ఏదో పట్టుకోండి. ‘సోల్డ్’ ఉంది, ‘ఆర్’ ఉంది. ‘సోల్డ్’ దగ్గర ఆగి తెలుగులో అనుకోండి: ‘ఈ మార్కెట్లో అమ్మే మామిడిపండ్లు’. ‘అమ్మే’ అన్నది పండ్లకు అతుక్కున్న మాట, వాక్యాన్ని ముగించే క్రియ కాదు. మిగిలింది ‘ఆర్’. ఇప్పుడు అడగండి, బాగాలేనిది ఏది? పండ్ల నాణ్యత. నాణ్యత ఒక్కటే కాబట్టి ‘ఈజ్’ రావాలి. పేపర్ తయారుచేసేవాళ్లు కర్తకూ క్రియకూ మధ్య ఇలా ఒక బహువచనాన్ని కావాలనే ఇరికిస్తారు. ఇంట్లో పుస్తకం మీదైతే ‘ఆఫ్’ నుంచి ‘మార్కెట్’ దాకా వేలితో మూసి చదవండి. పరీక్ష కంప్యూటర్ మీద కదా, కొన్నాళ్లకు ఆ భాగాన్ని కంటితోనే దాటేయడం అలవాటు కావాలి.

‘వన్ ఆఫ్ ది బాయ్స్’ వస్తే ‘హ్యాజ్’ పెట్టాలా ‘హ్యావ్’ పెట్టాలా అని తడుముకోనక్కర్లేదు. ‘ఆ అబ్బాయిల్లో ఒకడు వచ్చారు’ అని ఎవరైనా అంటారా? ‘వచ్చాడు’ అంటాం, అంటే ‘హ్యాజ్’. ‘అలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ వచ్చినా అంతే: ‘రవి ఫ్రెండ్స్‌తో కలిసి వచ్చాడు’. ‘ఈచ్’, ‘ఎవ్రీ’ కూడా అదే దారి: ‘ప్రతి పిల్లవాడూ వచ్చాడు’. తెలుగు సాయపడనివి కొన్ని గుర్తుపెట్టుకోవాలి. మనం వార్తలు అంటాం గానీ ‘న్యూస్’ ఏకవచనమే. ‘నైదర్, నార్’ వస్తే వెర్బ్‌కు దగ్గరున్న కర్తను చూడాలి: ‘నైదర్ ది మేనేజర్ నార్ ది క్లర్క్స్ వర్ ప్రెజెంట్’.

ఇక కాలం. మా పిల్లలకు మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. ‘నిన్న వచ్చాడు’, ‘ఇప్పుడే వచ్చాడు’, రెండింటికీ మనకు ‘వచ్చాడు’ చాలు. ఇంగ్లీష్‌లో మొదటిది ‘కేమ్’, రెండోది ‘హ్యాజ్ జస్ట్ కమ్’. అందుకే ‘హీ హ్యాజ్ కంప్లీటెడ్ హిజ్ డిగ్రీ ఇన్ 2019’ అన్నా మన చెవికి బాగానే ఉంటుంది. కానీ ‘యెస్టర్డే’, ‘ఎగో’, ‘లాస్ట్ ఇయర్’, ‘ఇన్ 2019’ లాంటి గడిచిపోయిన కాలం కనిపిస్తే ‘హ్యాజ్’, ‘హ్యావ్’ ఉండకూడదు. ‘కంప్లీటెడ్’ ఒక్కటే సరి.

దీనికంటే మొండిది ‘నుంచి’. ‘2018 నుంచి పనిచేస్తున్నాడు’, ‘ఐదేళ్ల నుంచి పనిచేస్తున్నాడు’ అని రెండు చోట్లా ఒకే మాట వాడతాం. ‘చేస్తున్నాడు’ అన్నాం కదా అని ‘ఈజ్ వర్కింగ్’ రాసేస్తాం. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘హ్యాజ్ బీన్ వర్కింగ్’ కావాలి. మొదలైన సంవత్సరం చెబితే ‘సిన్స్ 2018’, ఎంతకాలమో చెబితే ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’. ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ కనిపిస్తే తప్పు అక్కడే ఉంది.

‘వస్తానని చెప్పాడు’ అనేటప్పుడు మనం ‘వస్తాను’ను మార్చం. ఇంగ్లీష్‌లో ‘సెడ్’ వచ్చిందంటే వెనక ‘విల్’ ‘వుడ్’ అవుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం లాంటి ఎప్పటికీ మారని నిజమైతే ప్రెజెంట్‌లోనే ఉంచుతారు.

కాలంలోనూ తెలుగు ఆదుకునే చోట్లు రెండున్నాయి, నాకు ఇవి చెప్పడమంటే చాలా ఇష్టం. ‘వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది’ అంటాం. భవిష్యత్తు ‘ఆగిపోతుంది’లో ఉంది, ‘పడితే’లో లేదు. ఇంగ్లీష్‌లోనూ అంతే: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ది మ్యాచ్ విల్ స్టాప్’. ‘ఇఫ్’ పక్కన ‘విల్’ పెట్టొద్దు. రెండోది ‘డిడ్ నాట్ వెంట్’. తెలుగులో ‘వెళ్లలేదు’ అంటాం గానీ ‘వెళ్లాడులేదు’ అనం. ‘డిడ్’ వచ్చిందంటే గడిచిన కాలం అందులోనే ఉన్నట్టు, వెర్బ్ మొదటి రూపంలోకి వెళ్లిపోవాలి: ‘డిడ్ నాట్ గో’.

మూడు రూపాల విషయంలో మాత్రం కంఠస్థం తప్ప దారి లేదు. పడుకోవడానికి ‘లై, లే, లెయిన్’, పెట్టడానికి ‘లే, లెయిడ్, లెయిడ్’. ధర చెప్పే ‘కాస్ట్’ మూడు రూపాల్లోనూ మారదు, ఆ అర్థంలో ‘కాస్టెడ్’ తప్పు.

ఎస్‌ఎస్‌సీ వాళ్లు డిగ్రీ చదివినవాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టైర్ 1లో ఇంగ్లీష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు ఆన్సర్‌కు 0.50 కోత. రెండు ఆప్షన్లు కచ్చితంగా కాదని తేలితే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టేయండి. ఏదీ తేలకపోతే వదిలేయండి. తప్పు దొరకలేదని ‘నో ఎర్రర్’ పెట్టే ముందు వరసగా మూడు చూడండి: అసలు వెర్బ్ ఏది, దాని కర్త ఏది, కాలం చెప్పే మాట ఏది.

రోజూ పాత పేపర్ల నుంచి పది వాక్యాలు చాలు. నోట్‌బుక్‌లో ఆన్సర్ నంబరు కాకుండా, ఎందుకు తప్పో తెలుగులో ఒక్క లైను రాయండి: ‘2019 ఉంది, హ్యాజ్ కుదరదు’. వారానికోసారి తిరగేస్తే మీరు మాటిమాటికీ ఏ తప్పు చేస్తున్నారో తెలుస్తుంది. తర్వాతి వారం ఆ ఒక్కదాని మీదే కూర్చోండి.