అప్పు దావాకు మన జవాబు, 2వ పాఠం: ‘కట్టలేను’ అన్న మాట ఎక్కడ రాయాలి

పోయిన పాఠంలో అమీనా (కోర్టు కాగితాలు అందించే ఉద్యోగి) తెచ్చిన సమన్లు తీసుకోవడం, అందులో ఓ.ఎస్. నంబరు, అంటే దావా నంబరు, వాయిదా తేదీ చూసుకోవడం అయింది. ఈసారి జవాబు, అంటే కోర్టులో రిటన్ స్టేట్‌మెంట్ అనేది. మీరే కోర్టు భాషలో రాసెయ్యాలని కాదు. లాయరు గారి ముందు కూర్చునేసరికి మీ దగ్గర విషయమంతా కాగితం మీద ఉండాలి, లేదంటే ఆయన అందరికీ రాసే నాలుగు మాటలే మీకూ రాస్తారు.

ముందు గడువు. సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు, కానీ ఆ 90ని చూసుకుని ధీమాగా కూర్చోవద్దు. సమన్ల మీద ‘ఆర్డర్ 37’ (నోటు లాంటి కాగితాల మీద త్వరగా తేల్చే దావా) అని కనబడితే మాత్రం లెక్క వేరు, 10 రోజుల్లోపు కోర్టులో హాజరు వేయించుకోవాలి. కావలి కోర్టయినా ఒంగోలు కోర్టయినా ఇదే. ఎటూ డబ్బుల్లేవు, వెళ్లి ఏం చేస్తాం అని ఇంట్లో ఉండిపోతే ఎక్స్‌పార్టీ అవుతుంది, అంటే మీరు లేకుండానే కేసు నడుస్తుంది, అవతలివాళ్లు అడిగినంతా డిక్రీ (కట్టాలనే కోర్టు తీర్పు) అయిపోతుంది. మనవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, వాదించి ఓడి కాదు.

ఇక ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. కొండపి వైపు ఒక పొగాకు రైతు అనుకోండి. బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే గది) రిపేరుకీ కూలీలకీ నూటికి 2 రూపాయల వడ్డీకి 3 లక్షలకు ప్రోనోటు రాశాడు. మూడు నెలల వడ్డీ 18,000 ముందే పట్టుకుని చేతికి 2,82,000 ఇచ్చారు. తర్వాత ఫోన్‌పేలో 25,000, నగదుగా 40,000 కట్టాడు. నోటు వెనక చెల్లు (ఇంత ముట్టిందనే రాత) మాత్రం రాయలేదు. దావాలో 3 లక్షలు అసలు, మొదటి రోజు నుంచి వడ్డీ అని వేశారు.

ఈయన జవాబులో ‘దావాలోని విషయాలన్నీ అబద్ధం, నాకు సంబంధం లేదు’ అని రాస్తే పనికిరాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 ప్రకారం దావాలోని ప్రతి విషయానికీ విడివిడిగా జవాబు చెప్పాలి, కాదనకుండా వదిలేసింది ఒప్పుకున్నట్టే లెక్క. అంతేకాదు, ‘3 లక్షలు తీసుకోలేదు’ అంటే కూడా చాలదు. అసలేమీ తీసుకోలేదనాలి, లేదా ఎంత తీసుకున్నాడో చెప్పాలి. కాబట్టి మన రైతు రాయాల్సింది ఇలా: నోటు మీద సంతకం నాదే, ముట్టింది 2,82,000, ఫలానా తేదీన 25,000 ఫోన్‌పేలో వేశాను, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను, ఫలానావాళ్ల ఎదుట 40,000 ఇచ్చాను, వీటిని దావాలో చూపలేదు.

సంతకం మీదే అయినప్పుడు మీది కాదని మాత్రం చెప్పొద్దు, ఎవరు సలహా ఇచ్చినా సరే. నిపుణుడి దగ్గరికి పంపి తేల్చాక మీరు చెప్పే మిగతా నిజాలూ ఎవరూ నమ్మరు. ఖాళీ నోటు మీద సంతకం చేయించుకున్నారు అనే వాదన మన జిల్లాల్లో రోజూ వినేదే, ఒక్కోసారి నిజం కూడా, కానీ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ వల్ల సంతకం ఒప్పుకుంటే డబ్బు ముట్టినట్టే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టలేదని చూపించాల్సిన బరువు మీ మీద పడుతుంది. సాక్ష్యం ఉంటేనే ఆ దారి పట్టండి.

వడ్డీ సంగతి. రైతులైతే 1938 నాటి 4వ చట్టం, అంటే వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం కింద వడ్డీ తగ్గించమని జవాబులోనే అడగాలి, పట్టాదారు పాస్‌బుక్ కాపీ జతచేయాలి. వ్యాపార లావాదేవీ కాని అప్పులకు డిక్రీ తేదీ తర్వాత వడ్డీ ఏడాదికి 6 శాతం దాటకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ చెబుతుంది. నూటికి 2 అంటే ఏడాదికి 24 శాతం, తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మాట. ‘కట్టలేను’ అన్నది అప్పు లేదనడానికి కారణం కాదు, దాన్ని మొదటి పేరాలో రాస్తే మొత్తం ఒప్పుకుని జాలి అడిగినట్టు ఉంటుంది. దాని చోటు చివర్లో. తేలిన సొమ్ము వాయిదాల్లో కట్టేలా ఆర్డర్ 20 రూల్ 11 కింద డిక్రీలోనే రాయమని అడగండి, పొగాకు అమ్మకం బిల్లులు, ఇతర అప్పుల కాగితాలు చూపండి. డిక్రీ అయ్యే ముందు అడిగితే జడ్జి గారు తగిన కారణం ఉందనుకుంటే ఇవ్వగలరు. డిక్రీ అయ్యాక అయితే అవతలివాళ్లు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటారా మీరే చెప్పండి. నెలకు ఎంత కట్టగలరో నిజమైన అంకె వేయండి, గొప్పకు పోయి 10,000 అని రాసి రెండో నెలకే ఆగిపోతే ఇంకా కష్టం.

లాయరుకు ఇచ్చే స్తోమత లేకపోతే ఒంగోలు, నెల్లూరు జిల్లా కోర్టుల్లో ఉన్న న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ‘ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేస్తే పోద్దిలే’ అనే రచ్చబండ సలహా గురించీ, జప్తులో ఏవి తీసుకెళ్లకూడదో, జైలు భయం ఎంతవరకు నిజమో 3వ పాఠంలో.

ఈలోపు మీకో పని. అడిగినప్పుడు కట్టే ప్రోనోటు, తేదీ 14 మార్చి 2022. వెనక 5,000కు చెల్లు, మీ సంతకంతో, తేదీ 2 ఏప్రిల్ 2025. దావా సెప్టెంబరు 2025లో వేశారు. ఈ నోటుకు కాలదోషం పట్టిందా, అంటే దావా వేసే మూడేళ్ల గడువు దాటిపోయిందా? మూడేళ్లు వేలు మీద లెక్కేయండి, చెల్లు గడువు లోపల పడిందా బయట పడిందా చూడండి, అప్పుడు ఆ జవాబు పేరా రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి.